ఊరి మురుగు: పొలమునకు ఎరువు, చెరువునకు చేటు

భాస్వరపు ఎరువు పొలములో పడినచో గింజ నిండును. అదే భాస్వరము చెరువులో పడినచో నాచు నిండును. నత్రజని సంగతియు అంతే. మనము సొసైటీ వద్ద వరుసలో నిలబడి, డబ్బిచ్చి తెచ్చుకొను పదార్థములే ఊరి మురుగుకాలువ వెంట ఊరకే పారిపోవుచున్నవి. ఆ కాలువ చెరువులో కలిసిన చోట అవి ఎరువుగా పనికిరాకపోగా మంచినీటిని చెరచుచున్నవి. మురుగును చెరువు చేరకముందే ఆపి, శుభ్రపరచి, పొలమునకు మళ్లించు విధానము ఈ వ్యాసమున వివరింపబడినది.

తీరగ్రామములకు చెరువే దిక్కు

బోగోలు మండలము నెల్లూరు జిల్లాలో సముద్రతీరమున ఉన్నది. ఒక ప్రక్క బిట్రగుంట రైల్వే స్టేషను, జాతీయ రహదారి ఉన్నవి. వేరొక ప్రక్క జువ్వలదిన్నె చేపల రేవు ఉన్నది. సంగము వద్ద పెన్నానది నుండి బయలుదేరు కావలి కాలువ ఈ ప్రాంతపు ఆయకట్టునకు ఒక ఆధారము. వాననీరు రెండవ ఆధారము. మన జిల్లాకు ఈశాన్య ఋతుపవనములు ముఖ్యము. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియు వానను చెరువులలో నిలుపుకొన్ననే మిగిలిన కాలమునకు పైరులకు, పశువులకు, మనుష్యులకు నీరు దొరకును.

తీరమున చెరువు చేయు మేలు మరియొకటి కలదు. భూమిలో మంచినీరు ఉప్పునీటికంటె తేలిక కనుక దానిపై తేలుచుండును. సముద్రమట్టముకంటె ఒక మీటరు ఎత్తున మంచినీటి మట్టము నిలిచియున్న చోట, సముద్రమట్టమునకు దిగువన సుమారు 40 మీటర్ల లోతు వరకు ఉప్పునీరు పైకి రాజాలదని శాస్త్రజ్ఞుల లెక్క. చెరువులోని నీరు భూమిలోనికి ఇంకి, చుట్టుప్రక్కల బావులలో ఈ మట్టమును కాపాడుచుండును. చెరువులో నీరున్నను అది మురుగైనచో బావులలోనికి ఇంకునది కూడ మురుగే. మంచినీటి చెరువును పోగొట్టుకొన్న తీరగ్రామమునకు ప్రక్కనే సముద్రమున్నను త్రాగుటకు బిందెడు నీరు దొరకదు.

మురుగులో ఏమున్నది?

మురుగునీటిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు పైగా వట్టి నీరే. మిగిలిన కొద్దిపాటి పదార్థములో మూడు విషయములు గమనింపదగినవి.

మొదటిది కుళ్లు పదార్థము. అన్నపు గంజి, నూనె జిడ్డు, మలము, సబ్బు మురికి ఇందులోనివి. నీటిలోని సూక్ష్మజీవులు వీనిని తినునప్పుడు నీటిలో కరగియున్న ప్రాణవాయువును వాడుకొనును. ఒక లీటరు నీటిలోని కుళ్లు హరించుకొనుటకు ఎంత ప్రాణవాయువు కావలెనో ఆ లెక్కను బి.ఓ.డి. అందురు. ముడి మురుగులో ఇది లీటరునకు 200 మిల్లీగ్రాముల ప్రాంతమున ఉండును. స్నానమునకు తగిన నీటిలో 3 మిల్లీగ్రాములకు మించరాదు. అనగా ఒక బిందెడు మురుగు కలిసినచో, దాని దోషము తీరుటకు కనీసము 65 బిందెల నిర్మలమైన నీరు కావలెను. వేసవిలో అడుగంటిన చెరువున అంత నీరెక్కడిది?

రెండవది రోగక్రిములు. కలరా, సన్నిపాత జ్వరము, విరేచనములు, కామెర్లు, నులిపురుగులు మురుగు వెంటనే వచ్చును. బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ మురుగు నిలిచిన చోటనే పెరుగును.

మూడవది నత్రజని, భాస్వరములు. మన దేశమున సగటున ఒక మనిషి మలమూత్రములలో సంవత్సరమునకు 2.7 కిలోల నత్రజని, 0.4 కిలో భాస్వరము ఉండునని లెక్కగట్టినారు. 5,000 మంది జనాభా గల ఒక ఊరును తీసికొనుడు. నత్రజని 13,500 కిలోలు, భాస్వరము 2,000 కిలోలు అగును. ఎరువుగా మార్చి చెప్పినచో ఇది సుమారు 650 బస్తాల యూరియాతో, 570 బస్తాల సూపరు ఫాస్ఫేటుతో సమానము. ఇదంతయు కాలువలోనికి రాదు. నాలుగవ వంతు మాత్రమే చెరువు చేరినదనుకొన్నను, ప్రతి సంవత్సరము 160 బస్తాల యూరియాను, 140 బస్తాల సూపరును కట్టపై నిలబడి నీటిలో విసిరినట్లే.

చెరువు చెడు విధము

కెనడా దేశములోని ఒంటారియో రాష్ట్రమున 1973లో ఒక ప్రయోగము జరిగినది. మన ప్రదర్శన క్షేత్రములలో ఒక మడికి ఎరువు వేసి, ప్రక్క మడికి వేయక చూపినట్లే, అక్కడి శాస్త్రజ్ఞులు ఒక చిన్న సరస్సును తెరకట్టి రెండుగా విభజించిరి. ఒక సగములో నత్రజనిని, కర్బనమును వేసిరి. రెండవ సగములో వాటితోపాటు భాస్వరమును కూడ వేసిరి. మొదటి సగము తేటగానే ఉండెను. భాస్వరము పడిన సగము నాచు పట్టి పచ్చగా మారెను. విమానము నుండి తీసిన ఫోటోలో ఈ భేదము స్పష్టముగా కనిపించినది. మంచినీటి సరస్సులలో నాచునకు పగ్గము వేయునది ముఖ్యముగా భాస్వరమని దీనివలన లోకమునకు తెలిసినది. ఒక కిలో భాస్వరము సుమారు 500 కిలోల పచ్చి నాచును పెంచగలదు.

నాచు పగటివేళ ఎండలో ప్రాణవాయువును విడుచును. రాత్రి తానే దానిని పీల్చుకొనును. కనుకనే మురుగు పట్టిన చెరువులో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచు, ఒక్కొక్కప్పుడు గుంపులుగా చచ్చి తేలును. నాచు చచ్చి అడుగున కుళ్లినప్పుడు ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువు కూడ పోవును. అప్పుడు బురద నల్లబడి, కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వేయును. గుర్రపుడెక్క అల్లుకొని తూములకు, పంట కాలువలకు అడ్డుపడును.

వరిమళ్లలో నత్రజనిని చేకూర్చు నీలి ఆకుపచ్చ నాచు మనకు నేస్తమే. కాని ఆ జాతిలోని కొన్ని రకములు మురుగు చెరువులో దట్టముగా పెరిగినప్పుడు విషమును పుట్టించును. అట్టి నీరు త్రాగి పశువులు మరణించిన సంఘటనలు పెక్కు దేశములలో కలవు. నీటిపై పచ్చని రంగు కలిపినట్లు తెట్టు కట్టినచో పశువులను ఆ రేవునకు తోలరాదు.

హుస్సేన్‌సాగరము నేర్పు పాఠము

హైదరాబాదులోని హుస్సేన్‌సాగరము 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణమున త్రవ్వబడినది. మూసీనది నుండి కాలువ ద్వారా దానికి నీరు వచ్చెడిది. సుమారు 1930 వరకు ఆ నీటిని ప్రజలు త్రాగినారు. తరువాత నగరము చెరువు చుట్టును పెరిగినది. వాననీటిని తెచ్చు నాలాలే మురుగును తెచ్చు నాలాలైనవి. కూకట్‌పల్లి నాలా వెంట ఇండ్ల మురుగుతోపాటు పరిశ్రమల వ్యర్థములు కూడ వచ్చి పడినవి.

చెడిన పిమ్మట బాగుచేయుటకు ప్రయత్నములు జరిగినవి. 1990ల చివర రోజుకు 2 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేయు కేంద్రమును కట్టిరి. 2006లో జపాను ఋణసహాయముతో పునరుద్ధరణ పథకమును చేపట్టిరి. నాలాల మురుగును మళ్లించుటకు, పూడికను తీయుటకు కోట్ల రూపాయలు ఖర్చయినవి. ఇంత చేసినను ఆ నీరు త్రాగుటకు నేటికిని పనికిరాదు. ఏండ్ల తరబడి అడుగున చేరిన బురదలోని భాస్వరము, పైనుండి వచ్చు మురుగు తగ్గినను, కొంతకాలము నీటిలోనికి ఊరుచునే యుండును.

కొల్లేరు మరియొక ఉదాహరణము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సును 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తించిరి. అయినను బుడమేరు, తమ్మిలేరుల వెంట పట్టణముల మురుగు దానిలోనికే దిగుచున్నది. ప్రకటనల వలన చెరువునకు గౌరవము కలుగును గాని, కాలువ నోటివద్ద మురుగు ఆగిననే నీరు బాగుపడును.

బాగుపడిన సరస్సు

మురుగును ఆపినచో సరస్సు కోలుకొనుననుటకు అమెరికాలోని సియాటిల్ నగరము ప్రక్కనున్న వాషింగ్టన్ సరస్సు నిదర్శనము. 1955లో దానిలో చెడ్డ నాచు కనిపించినది. చుట్టుప్రక్కల పట్టణములు మురుగును శుద్ధిచేసియే వదలుచుండెను. అయినను నాచు పెరిగినది. మామూలు శుద్ధి వలన కుళ్లు పోవునే గాని, భాస్వరము చాలవరకు నీటిలోనే ఉండిపోవును. ఈ విషయమును ఎడ్మండ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు ప్రజలకు విప్పిచెప్పినాడు. 1958లో ప్రజలు ఓటు వేసి, ఖర్చు భరించుటకు ఒప్పుకొనిరి. 1963 నుండి 1968 వరకు దశలవారీగా మురుగునంతటిని సరస్సునుండి తప్పించిరి. అంతకుముందు మీటరు లోతు కూడ కనిపించని నీరు కొలది ఏండ్లలో మూడు మీటర్ల వరకు తేటపడినది. 1970ల చివరకు ఇంకను రెట్టింపు తేటపడినది.

ఇందులో మనము గ్రహింపవలసినది ఒకటే. మురుగును శుద్ధిచేసి చెరువులో వదలుట సగము పని. శుద్ధిచేసి చెరువులో వదలకుండుట పూర్తి పని. సియాటిల్ వారు దానిని సముద్రపు పాయలోనికి పంపిరి. మనము పొలమునకు పంపవలెను. మన పొలమునకు భాస్వరము కావలెను, చెరువునకు అక్కరలేదు.

ఇంటివద్ద చేయవలసినది

1. వంటింటి నీటిని, స్నానపు నీటిని పెరటిలోని అరటి, కొబ్బరి పాదులకు పెట్టుడు. చోటు లేనిచో ఇంకుడు గుంత త్రవ్వుడు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గల గుంతలో అడుగున పెద్దరాళ్లు, మధ్య చిన్నరాళ్లు, పైన కంకర నింపిన చాలును. నీరు గుంతలో పడుటకు ముందు జిడ్డును, మెతుకులను పట్టుటకు చిన్న తొట్టి కట్టి, దానిని వారమునకొకసారి శుభ్రపరచుడు.

2. మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు నుండి వచ్చు నీటిని వీధికాలువలో కలుపవద్దు. పైకి తేటగా కనిపించినను అందు రోగక్రిములు ఉండును. దానికి వేరుగా ఇంకుడు గుంత ఉండవలెను. అది త్రాగునీటి బావికి, బోరునకు దూరముగా ఉండవలెను. నీటిమట్టము బాగుగా పైనున్న ఇసుకనేలలలో గుంత అడుగునకు నీరు తగులకుండ జాగ్రత్తపడవలెను.

3. ట్యాంకును రెండు మూడేండ్లకొకసారి యంత్రముతో తోడించుడు. మనిషిని లోనికి దింపరాదు. అందలి విషవాయువు క్షణములో ప్రాణము తీయును. 2013 నాటి చట్టము ప్రకారము అది నేరము కూడ. తోడిన మడ్డిని లారీవారు చెరువులోనో, వాగులోనో వదలకుండ చూచు బాధ్యత పిలిపించిన ఇంటివారిదే.

ఊరి చివర శుద్ధి గుంటలు

ఇండ్ల వద్ద ఎంత ఆపినను కొంత మురుగు వీధికాలువలోనికి రాక తప్పదు. దానికి కరెంటు, యంత్రములు అక్కరలేని పద్ధతి ఒకటి కలదు. ఎండ మెండుగా ఉండు మన ప్రాంతమునకు అది మిక్కిలి అనువైనది. వరుసగా కొన్ని గుంటలు త్రవ్వి, మురుగును ఒకదాని నుండి మరొకదానిలోనికి మెల్లగా పారించుటయే ఆ పద్ధతి.

మొదట ఇనుప జాలి అమర్చి, చెత్తను, ప్లాస్టిక్ సంచులను పట్టవలెను. పిమ్మట సుమారు 3 మీటర్ల లోతు గల గుంటలో నీరు ఒక దినము నిలిచి, మడ్డి అడుగునకు దిగును. రెండవది 1.5 మీటర్ల లోతు గల పెద్ద గుంట. ఇందు నీరు పది దినములు నిలుచును. ఇక్కడ నాచు పెరిగిన మంచిదే. అది ఎండలో ప్రాణవాయువునిచ్చును, ఆ వాయువుతో సూక్ష్మజీవులు కుళ్లును హరించును. చెరువులో పగవాడైన నాచే ఇక్కడ పనివాడు. చివర మీటరు లోతు గల రెండు గుంటలలో మూడేసి దినములు నిలిచినప్పుడు ఎండవేడిమికి రోగక్రిములు చాలవరకు నశించును, నులిపురుగుల గ్రుడ్లు అడుగున చేరును.

5,000 మంది గల ఊరిలో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందుచున్నచో, అందు నూటికి 80 పాళ్లు మురుగగుననుకొన్న, రోజుకు 2 లక్షల 20 వేల లీటర్లు వచ్చును. దీనికి గట్లతో సహా సుమారు ఒక ఎకరము చోటు సరిపోవును. ఇది అంచనా మాత్రమే. ఇంజనీరుచే నేలను, వాలును, మురుగును పరీక్ష చేయించి కొలతలు నిర్ణయింపవలెను.

గుంటలను చెరువు గర్భములోగాని, కలుజు దారిలోగాని త్రవ్వరాదు. ఇండ్లకు కనీసము 200 మీటర్ల దూరమున, త్రాగునీటి బావులకు దిగువన ఉండవలెను. అడుగును బంకమట్టితో గట్టిగా దిమ్మిస చేయవలెను. గట్లపై గడ్డిని, నీటి అంచున మొక్కలను పెరగనీయరాదు, అచ్చటనే దోమలు చేరును. చుట్టును కంచె వేయవలెను. మొదటి గుంటలోని మడ్డి సగము నిండకముందే తీయించి, బాగుగా ఎండనిచ్చి, కంపోస్టులో కలుపవలెను. గారేజీ నూనె, బ్యాటరీ ఆమ్లము, ఆసుపత్రి వ్యర్థములు కాలువలోనికి రాకూడదు. వీనిని ఈ గుంటలు హరింపలేవు. రొయ్యల చెరువుల ఉప్పునీరు కలిసినచో ఆ నీరు పైరునకు పనికిరాదు.

ఈ నీటితో ఏ పైరు?

ఈ నీటికి పశుగ్రాసము అన్నిటికంటె మేలు. నేపియరు, పారాగడ్డి నత్రజనిని ఆబగా తీసికొని కోతకోతకు ఏపుగా వచ్చును. పైన చెప్పిన ఊరి నీరు వేసవిలో ఏడెనిమిది ఎకరముల గడ్డికి సరిపోవును. పాడిపశువులున్న రైతులకు ఇది ఏడాది పొడవునా పచ్చిమేత. కొబ్బరి, సరుగుడు తోటలకును పెట్టవచ్చును.

వరికి పెట్టునపుడు కొలత తప్పరాదు. నత్రజని ఎక్కువైనచో పైరు ముదురు పచ్చగా పెరిగి, పడిపోయి, తాలు గింజలు ఎక్కువగును. అగ్గితెగులు, సుడిదోమ ఆశించును. కనుక ఈ నీరు పెట్టిన మడికి యూరియాను తగ్గించుడు. పొట్టదశ తరువాత కాలువనీటినే పెట్టుడు. పచ్చిగా తిను కూరలకు, ఆకుకూరలకు ఈ నీరు పెట్టరాదు. గడ్డిని కోయుటకు వారము ముందుగా తడి ఆపవలెను. పనిచేయువారు కాళ్లకు బూట్లు వేసికొని, పని ముగిసిన వెంటనే సబ్బుతో కాళ్లుచేతులు కడుగుకొనవలెను. సబ్బునీటిలోని సోడియము వలన నేల చవుడుబారవచ్చును. కనుక రెండేండ్లకొకసారి భూసార పరీక్ష చేయించి, అవసరమైనచో జిప్సము వేయవలెను.

వానకాలమున పైరులకు తడి అక్కరలేదు. అప్పుడు మురుగును గుంటలలోనే నిలుపుటకు కొంత చోటు మిగిల్చి కట్టుకొనవలెను. వాననీటి కాలువను మురుగుకాలువ నుండి వేరుచేసినచో గుంటలపై భారము తగ్గును, చెరువునకు మంచినీరు చేరును.

గ్రామాధికారులకు మనవి

సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, నీటి సంఘములవారు మొదట ఒక పని చేయవలెను. చెరువు చుట్టును నడిచి, నీరు వచ్చు ప్రతి కాలువను పటములో గుర్తించవలెను. ఏది వాననీరు, ఏది మురుగు, ఏది ఎవరి ఇంటి గొట్టము అని వ్రాసికొనవలెను. వాన లేని దినమున ఏ కాలువ పారుచున్నదో అది మురుగుకాలువయే, పంట కాలువ కానియెడల. సెప్టెంబరు ముగియులోగా వీధికాలువల పూడికను, చెత్తను తీయించవలెను. లేనిచో తొలకరి జల్లు ఏడాది మురికినంతటిని ఒక్కసారిగా చెరువులో దింపును. తీసిన పూడికను కాలువ గట్టుననే పోయించినచో శ్రమ వృథా.

చెరువు తేటను కొలుచుటకు పెద్ద పరికరము అక్కరలేదు. 20 సెంటీమీటర్ల వ్యాసము గల తెల్లని పళ్లెమునకు బరువు కట్టి, కొలతలు గుర్తించిన త్రాటితో నీటిలో దింపుడు. పళ్లెము కనుమరుగగు లోతును వ్రాసికొనుడు. వాషింగ్టన్ సరస్సు తేటను కొలిచినదియు ఇట్టి పళ్లెముతోనే. నెలకొకసారి, ఒకే చోట, మధ్యాహ్నవేళ కొలిచి పంచాయతీ పుస్తకములో ఎక్కించుడు. వానకు బురదనీరు వచ్చిన దినములను వదలివేయుడు. లోతు నెలనెలకు తగ్గుచు, నీరు పచ్చబడుచున్నచో మురుగు ఎక్కడినుండియో వచ్చుచున్నదని గ్రహింపవలెను. త్రాగునీటి విషయమున మాత్రము ప్రయోగశాల పరీక్షయే ప్రమాణము.

చెప్పినను వినక చెరువులోనికి మురుగు వదలువారిపై చర్యకు 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టము కలదు. పురపాలక పట్టణములకును అది వర్తించును. ఎగువనున్న పట్టణపు మురుగు మీ చెరువునకు వచ్చుచున్నచో గ్రామసభలో తీర్మానము చేసి, కాలుష్య నియంత్రణ మండలికి వ్రాయుడు. కాని ముందు మన ఊరి కాలువను మనము సరిచేసికొన్నచో ఆ ఉత్తరమునకు బలము హెచ్చును.

రైతు సోదరులారా! పట్టణము పెరిగిన తరువాత హైదరాబాదు వారికి చెరువును బాగుచేయుటకు కోట్లు కావలసివచ్చినది. మన ఊళ్లు ఇంకను ఆ స్థితికి రాలేదు. మనకు ఒక ఎకరము చోటు, కొన్ని గుంటలు, ఊరివారి కట్టుబాటు చాలును. ఈ ఏటి వానలు రాకముందే మీ చెరువు చుట్టును ఒకసారి నడచి, మురుగు దిగు చోటును గుర్తించుడు. అక్కడినుండియే పని మొదలుపెట్టుడు.